మాక్స్ పెరుట్జ్ పరిశోధక బృందం

మాక్స్ పెరుట్జ్ పరిశోధక బృందం ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి నగరంలో 1947లో ఇద్దరు శాస్త్రవేత్తలతో మొదలైన ఒక చిన్న పరిశోధక బృందం. జీవకణాలలో ఉండే పెద్ద అణువుల నిర్మాణాన్ని తెలుసుకోవడం దీని లక్ష్యం. ఈ బృందమే 1962లో బ్రిటీషు వైద్య పరిశోధనా మండలి వారి అణుజీవశాస్త్ర ప్రయోగశాలగా రూపొందింది. అదే సంవత్సరం ఈ బృందంలో పనిచేసిన నలుగురికి నోబెల్ బహుమతులు లభించాయి. బృంద నాయకుడు మాక్స్ ఫెర్డినాండ్ పెరుట్జ్ (మే 19, 1914 - ఫిబ్రవరి 6, 2002). ప్రతి సభ్యుడు తన మనసుకు పట్టిన ప్రశ్నను తానే ఎంచుకొని, ఏళ్ళ తరబడి దానివెంట నడిచే వీలు కల్పించడం ఇతని నాయకత్వంలోని ప్రధాన లక్షణం. ఈ పద్ధతి ఎలా పుట్టింది, ఎలా పనిచేసింది, ఎక్కడ తడబడింది అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

## నేపథ్యం

పెరుట్జ్ ఆస్ట్రియా రాజధాని వియన్నాలో బట్టల మిల్లుల యజమానుల కుటుంబంలో జన్మించాడు. కుమారుడు న్యాయశాస్త్రం చదివి కుటుంబ వ్యాపారం చూసుకోవాలని తల్లిదండ్రుల కోరిక. అయితే పాఠశాలలో ఒక మంచి ఉపాధ్యాయుని వలన ఇతనికి రసాయన శాస్త్రంపై ఆసక్తి కలిగింది. తల్లిదండ్రులను ఒప్పించి వియన్నా విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చదివాడు. 1936లో కేంబ్రిడ్జి చేరి, కావెండిష్ ప్రయోగశాలలో జె.డి.బెర్నాల్ వద్ద ఎక్స్-కిరణాలతో స్ఫటికాలను పరిశీలించే విద్యను నేర్చుకున్నాడు.

1937లో పెరుట్జ్ హీమోగ్లోబిన్ నిర్మాణాన్ని తన పరిశోధనాంశంగా స్వీకరించాడు. హీమోగ్లోబిన్ రక్తంలోని ఎర్రకణాలలో ఉండి ప్రాణవాయువును మోసుకుపోయే ప్రోటీను. ఒక్కొక్క హీమోగ్లోబిన్ అణువులో సుమారు 10,000 పరమాణువులు ఉంటాయి. ఆ రోజులలో ఎక్స్-కిరణాల సహాయంతో కొన్ని పదుల పరమాణువులున్న అణువుల నిర్మాణాన్ని తెలుసుకోవడమే గొప్ప విషయం. అందువలన ఇది సాధ్యమయ్యే పని కాదని చాలామంది భావించారు.

1938లో హిట్లర్ ఆస్ట్రియాను ఆక్రమించడంతో పెరుట్జ్ శరణార్థి అయ్యాడు. ఇంటినుండి వచ్చే డబ్బు ఆగిపోయింది. ఆ సంవత్సరమే కావెండిష్ ఆచార్యునిగా వచ్చిన సర్ లారెన్స్ బ్రాగ్ ఇతని ఎక్స్-కిరణ చిత్రాలను చూసి, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ నుండి సహాయం తెప్పించి, 1939 జనవరి నుండి తన సహాయకునిగా నియమించుకున్నాడు. 1940లో బ్రిటీషు ప్రభుత్వం శత్రుదేశీయులతోపాటు ఇతనిని కూడా నిర్బంధించి కెనడాకు పంపింది. 1941 ప్రారంభంలో విడుదలై తిరిగి వచ్చి, మళ్ళీ హీమోగ్లోబిన్ పనిని చేపట్టాడు.

హీమోగ్లోబిన్ నిర్మాణపు స్థూల రూపం పెరుట్జ్‌కు దొరికింది 1959లో. అంటే పని మొదలుపెట్టిన 22 సంవత్సరాలకు. మొదటి 16 సంవత్సరాలలో అసలు చిక్కు విడలేదు. అయినా బ్రాగ్ ఇతనిని వేరొక పనికి మళ్ళించలేదు. తాను పొందిన ఈ ఓర్పునే పెరుట్జ్ తరువాతి కాలంలో తన బృంద సభ్యులకు పంచి ఇచ్చాడు. ఇతని నాయకత్వ పద్ధతికి మూలం ఇక్కడ కనిపిస్తుంది.

## బృందం ఏర్పాటు

యుద్ధం ముగిసిన తరువాత పెరుట్జ్ వద్దకు జాన్ కెండ్రూ పరిశోధక విద్యార్థిగా వచ్చాడు. ఇద్దరికీ స్థిరమైన ఉద్యోగం లేదు. జీవరసాయన శాస్త్రవేత్త డేవిడ్ కీలిన్ సలహాపై బ్రాగ్ వైద్య పరిశోధనా మండలిని ఆశ్రయించాడు. భౌతిక శాస్త్ర ప్రయోగశాలలో జరిగే ఈ పని వైద్యానికి ఎప్పుడు ఉపయోగపడుతుందో అప్పుడు ఎవరూ చెప్పలేకపోయారు. అయినా మండలి అంగీకరించడంతో 1947లో ఇద్దరు సభ్యులతో ఈ పరిశోధక విభాగం ఏర్పడింది.

1948లో హ్యూ హక్స్‌లీ, 1949లో ఫ్రాన్సిస్ క్రిక్, 1951లో అమెరికా నుండి జేమ్స్ వాట్సన్, 1952లో వెర్నాన్ ఇన్‌గ్రామ్ వచ్చి చేరారు. 1957లో దక్షిణాఫ్రికాకు చెందిన సిడ్నీ బ్రెన్నర్ చేరాడు. కావెండిష్ భవనంలో చోటు చాలకపోవడంతో 1957 నుండి బృందంలో కొందరు ఆవరణలోని ఒక రేకుల షెడ్డువంటి చిన్న కట్టడంలో పనిచేశారు. 1962లో కేంబ్రిడ్జి శివార్లలో కొత్త భవనం సిద్ధమైంది. రెండవ ఎలిజబెత్ రాణి దానిని ప్రారంభించింది.

## నాయకత్వ పద్ధతి

పెరుట్జ్ తన పద్ధతికి నియమావళి ఏదీ వ్రాయలేదు. సృజనాత్మకతను పైనుండి ఆజ్ఞలతో పుట్టించడం సాధ్యం కాదని, అది పుట్టే చోట అడ్డు తగలకుండా ఉండవచ్చునని ఇతని అభిప్రాయం. ఆచరణలో కనిపించే ముఖ్యాంశాలు ఇవి:

* ముందు మనిషి, తరువాత పని. ఖాళీని చూసి మనిషిని వెదకడానికి బదులు, ఒక ప్రశ్నపై తపన ఉన్న మనిషిని చేర్చుకొని, ఆ ప్రశ్నకు చోటు కల్పించేవాడు.
* గడువు పెట్టకపోవడం. ఏటేటా ఎన్ని వ్యాసాలు ప్రచురించారన్నది లెక్క కాదు. ఎంత ముఖ్యమైన ప్రశ్నను పట్టుకున్నారన్నదే లెక్క.
* నాయకుడు కూడా పనివాడే. పెరుట్జ్ చివరివరకు ప్రయోగాలు చేస్తూనే ఉన్నాడు. కార్యాలయపు పనిని వీలైనంత తగ్గించుకున్నాడు. 1962 నుండి 1979 వరకు ఇతని హోదా సంచాలకుడు కాదు, పాలక మండలి అధ్యక్షుడు మాత్రమే. నిర్మాణ విభాగాన్ని కెండ్రూ, అణు జన్యుశాస్త్ర విభాగాన్ని క్రిక్, ప్రోటీను రసాయన విభాగాన్ని ఫ్రెడరిక్ సాంగర్ చూసుకునేవారు.
* ఉమ్మడి ఆస్తి. పరికరాలు, రసాయనాలు ఏ ఒక్కరి సొంతమూ కాదు. ఒకరికి అవసరమైనది మరొకరి గదిలో ఉంటే వెళ్ళి వాడుకోవచ్చు.
* కలిసి కూర్చోవడం. భవనం పై అంతస్తులో ఒక భోజనశాల ఏర్పాటు చేశారు. పెరుట్జ్ భార్య గిసెలా దీనిని చాలా సంవత్సరాలు నిర్వహించింది. ఉదయం కాఫీకి, మధ్యాహ్న భోజనానికి, సాయంత్రం టీకి అందరూ అక్కడ చేరేవారు. విద్యార్థి, నోబెల్ బహుమతి గ్రహీత ఒకే బల్ల వద్ద కూర్చొని మాట్లాడుకునేవారు.

ఈ స్వేచ్ఛ అంటే ఎవరికి తోచినది వారు చేయడమని అర్థం కాదు. అణువుల ఆకారాన్ని బట్టి జీవక్రియలను వివరించడం అనే ఒకే పెద్ద ప్రశ్న అందరినీ కలిపి ఉంచింది. ఆ ప్రశ్న వైపు ఎవరు ఏ దారిలో వెళ్ళాలన్నది మాత్రం వారివారి ఇష్టానికి వదిలివేయబడింది.

## సభ్యులు, వారి అభిరుచులు

### జాన్ కెండ్రూ

కెండ్రూకు యంత్రాలన్నా, పనులను క్రమపద్ధతిలో ఏర్పాటు చేయడమన్నా ఇష్టం. అతడు హీమోగ్లోబిన్‌కు బదులు, దానిలో సుమారు నాలుగవ వంతు పరిమాణం గల మయోగ్లోబిన్ అనే ప్రోటీనును ఎంచుకున్నాడు. కేంబ్రిడ్జిలో 1949లో పనిచేయడం మొదలుపెట్టిన ఎడ్సాక్ కంప్యూటరును స్ఫటిక లెక్కలకు ఉపయోగించిన తొలి వ్యక్తులలో ఇతడు ఒకడు. 1957లో మయోగ్లోబిన్ స్థూల రూపాన్ని కనుగొన్నాడు. ప్రపంచంలో మొదటిసారిగా నిర్మాణం తెలిసిన ప్రోటీను ఇదే. ఆ విధంగా సహచరుడు నాయకునికంటే ముందుగా గమ్యం చేరాడు. కెండ్రూ విజయం సాధించిన పద్ధతి మాత్రం పెరుట్జ్ 1953లో హీమోగ్లోబిన్‌పై ఫలవంతం చేసినదే. తరువాత కెండ్రూ 1959లో ఒక అణుజీవశాస్త్ర పత్రికను స్థాపించాడు. 1974లో ఏర్పడిన యూరోపియను అణుజీవశాస్త్ర ప్రయోగశాలకు మొదటి అధిపతి అయ్యాడు.

### ఫ్రాన్సిస్ క్రిక్

క్రిక్ భౌతిక శాస్త్రం చదివి, యుద్ధకాలంలో నౌకాదళం కొరకు మందుపాతరల రూపకల్పనలో పనిచేశాడు. యుద్ధం తరువాత ఏ రంగంలోకి వెళ్ళాలో నిర్ణయించుకోవడానికి ఒక విచిత్రమైన పరీక్ష పెట్టుకున్నాడు. మనిషి ఖాళీ సమయంలో ఏ విషయాన్ని గురించి ముచ్చటిస్తాడో అదే అతని నిజమైన ఆసక్తి అని అతని భావన. ఆ విధంగా చూసుకుంటే రెండు విషయాలు తేలాయి: జీవానికి, నిర్జీవానికి మధ్యగల సరిహద్దు ఒకటి, మెదడు పనితీరు రెండవది.

1949లో చేరేనాటికి క్రిక్ వయసు 33 సంవత్సరాలు, పరిశోధక పట్టా లేదు. పేరుకు పెరుట్జ్ విద్యార్థి. 1951లో ఒక సమావేశంలో, బృందం అప్పుడు అనుసరిస్తున్న పద్ధతులలో దాదాపు ఏదీ ఫలించదని నిరూపించబూనాడు. విద్యార్థి ఇలా మాట్లాడటం బ్రాగ్‌కు చికాకు కలిగించింది. పెరుట్జ్ మాత్రం విమర్శలోని సత్యాన్ని పరీక్షించి అంగీకరించాడు. హీమోగ్లోబిన్ అణువుకు పాదరసం వంటి భారీ పరమాణువును తగిలించి, తగిలించక మునుపు, తరువాత తీసిన ఎక్స్-కిరణ చిత్రాలను పోల్చడం ఒక్కటే దారి అని తేలింది. 1953లో ఈ ప్రయోగం ఫలించడంతో చిక్కు విడింది.

డి.ఎన్.ఏ. నిర్మాణం క్రిక్‌కు అప్పగించిన పని కాదు. అతని పని ప్రోటీనులకు సంబంధించినది. 1951 చివరలో వాట్సన్, క్రిక్‌లు కట్టిన మొదటి నమూనా తప్పని తేలడంతో, ఆ పని మానుకోమని బ్రాగ్ ఆదేశించాడు. 1953 ప్రారంభంలో తిరిగి అనుమతి లభించింది. ఏప్రిల్ 25, 1953 నాటి 'నేచర్' పత్రికలో జంట మెలికల నిర్మాణం ప్రచురితమైంది. క్రిక్ 1970ల చివర కాలిఫోర్నియాకు వెళ్ళి, తన రెండవ ఆసక్తి అయిన మెదడుపై పరిశోధన చేశాడు.

### హ్యూ హక్స్‌లీ

హక్స్‌లీ కెండ్రూ వద్ద ప్రోటీను స్ఫటికాల పనికై చేరిన విద్యార్థి. కొద్దికాలానికే అతని మనసు కండరాలవైపు మళ్ళింది. ప్రాణమున్నప్పటి స్థితిలో కండరాన్ని ఎక్స్-కిరణాలతో పరిశీలించాలనుకున్నాడు. అందుకు అడ్డు చెప్పలేదు. కండరం ముడుచుకునేటప్పుడు దానిలోని సన్నని పోగులు కురచ కావని, ఒకదానిమధ్యకు మరొకటి జారుతాయని 1954లో జీన్ హాన్సన్‌తో కలిసి ప్రకటించాడు. నేటి పాఠ్యపుస్తకాలలో ఉన్న వివరణ ఇదే. కొత్త ప్రయోగశాల ఏర్పడినప్పుడు హక్స్‌లీ తిరిగి వచ్చి చేరాడు.

### వెర్నాన్ ఇన్‌గ్రామ్

ఇన్‌గ్రామ్ రసాయన శాస్త్రవేత్త. హీమోగ్లోబిన్‌కు పాదరసాన్ని తగిలించడం అతనిని చేర్చుకోవడానికి కారణం. ఆ పని చేసిన తరువాత అతడు కొడవలి కణ వ్యాధి గలవారి హీమోగ్లోబిన్‌ను పరీక్షించడం మొదలుపెట్టాడు. ఈ వ్యాధిలో గుండ్రని ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారి, రక్తనాళాలలో చిక్కుకొని తీవ్రమైన నొప్పులు, రక్తహీనత కలిగిస్తాయి. 1956, 1957 సంవత్సరాలలో ఇన్‌గ్రామ్ దీనికి మూలకారణాన్ని కనుగొన్నాడు. 146 అమైనో ఆమ్లాలున్న బీటా గొలుసులో గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన ఒక్క చోట వాలిన్ ఉండటమే ఆ తేడా. జన్యువులో వచ్చే మార్పు ప్రోటీనులో ఒక్క అమైనో ఆమ్లపు మార్పుగా కనబడుతుందని తెలియడం ఇదే మొదటిసారి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల గిరిజన ప్రాంతాలలో కూడా ఈ వ్యాధి ఉన్నది. దీని నిర్మూలనకై భారత ప్రభుత్వం 2023లో ఒక జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

### ఫ్రెడరిక్ సాంగర్

ఇన్సులిన్‌లోని అమైనో ఆమ్లాల వరుసను కనుగొన్నందుకు సాంగర్‌కు 1958లో నోబెల్ బహుమతి వచ్చింది. అతడు పెరుట్జ్ బృందంతో కలిసినది 1962లో. సాంగర్‌కు తన చేతులతో ప్రయోగం చేయడమే ఇష్టం. బోధన, పరిపాలన అంటే ఆసక్తి లేదు. ఇక్కడ ఆ బరువు పెద్దగా లేకపోవడంతో, ప్రోటీనులనుండి ఆర్.ఎన్.ఏ.కు, అక్కడినుండి డి.ఎన్.ఏ.కు తన పనిని మళ్ళించాడు. 1977లో ప్రకటించిన డి.ఎన్.ఏ. వరుసను చదివే పద్ధతికి 1980లో రెండవ నోబెల్ బహుమతి పొందాడు. 1983లో పదవీ విరమణ చేసి, ప్రయోగశాలను వదలి తోటపనిలో నిమగ్నమయ్యాడు.

### సిడ్నీ బ్రెన్నర్

ఈ నాయకత్వ పద్ధతికి అన్నిటికంటే కఠినమైన పరీక్ష బ్రెన్నర్ విషయంలో ఎదురయింది. జన్యు సంకేతంపై క్రిక్‌తో కలిసి చేసిన పనితో బ్రెన్నర్‌కు అప్పటికే మంచి పేరు వచ్చింది. 1963లో అతడు పెరుట్జ్‌కు ఒక లేఖ వ్రాశాడు. అణుజీవశాస్త్రంలోని తొలి సమస్యలు త్వరలోనే తీరిపోతాయని, ఇక జీవి ఎదుగుదల, నాడీ వ్యవస్థల వైపు వెళ్ళాలని దాని సారాంశం. అందుకు అతడు ఎంచుకున్న జీవి మట్టిలో బ్రతికే, ఒక మిల్లీమీటరు పొడవున్న ఒక నులిపురుగు. సంపన్నమైన రంగాన్ని వదలి పురుగుల వెంట పోవడం చాలామందికి అర్థం కాలేదు.

పురుగు జన్యుశాస్త్రంపై బ్రెన్నర్ ప్రధాన వ్యాసం వెలువడినది 1974లో. అంటే లేఖ వ్రాసిన 11 సంవత్సరాలకు. ఈ కాలమంతా అతని పనికి మద్దతు కొనసాగింది. 1969లో చేరిన జాన్ సల్‌స్టన్ పురుగులో ఒక్కొక్క కణం ఎలా విభజన చెందుతున్నదో సూక్ష్మదర్శినిలో కంటితో చూస్తూ నమోదు చేశాడు. పిండదశ పరిశీలనకై రోజుకు రెండు విడతలుగా, విడతకు నాలుగేసి గంటల చొప్పున సుమారు ఏడాదిన్నర కూర్చున్నాడు. ఎదిగిన పురుగులోని 959 దేహకణాలలో ప్రతి ఒక్కటీ ఎక్కడినుండి వచ్చిందో 1983 నాటికి పూర్తిగా తెలిసింది. 302 నాడీకణాల అల్లిక పటం 1986లో ప్రచురితమైంది. 1998లో పూర్తి జన్యు వరుస తెలిసిన మొదటి జంతువు కూడా ఈ పురుగే. 2002 అక్టోబరులో బ్రెన్నర్, సల్‌స్టన్, రాబర్ట్ హార్విట్జ్‌లకు నోబెల్ బహుమతి ప్రకటించారు. అప్పటికి పెరుట్జ్ మరణించి ఎనిమిది నెలలయింది.

### సీజర్ మిల్‌స్టీన్

అర్జెంటీనాకు చెందిన మిల్‌స్టీన్, ప్రతిరక్షకాలలో ఇంత వైవిధ్యం ఎలా వస్తుందనే ప్రశ్నను పట్టుకున్నాడు. ఆ ప్రశ్నకు సాధనంగా 1975లో జార్జెస్ కోలర్‌తో కలిసి ఒకే రకమైన ప్రతిరక్షకాలను ఎంత కావాలంటే అంత తయారుచేసే పద్ధతిని కనుగొన్నాడు. తరువాత ఇది క్యాన్సరు, కీళ్ళవాతం వంటి వ్యాధుల చికిత్సకు, గర్భనిర్ధారణ పరీక్షలకు ఆధారమైంది. మందు తయారుచేయాలన్నది వారి తొలి ఉద్దేశం కాదు.

## నాయకుని సొంత అభిరుచులు

పెరుట్జ్‌కు పర్వతారోహణ, మంచునదులు ప్రాణం. 1938లోనే ఆల్ప్స్ పర్వతాలలో మంచు స్ఫటికాలపై పరిశోధన చేశాడు. ఈ పరిజ్ఞానం కారణంగా యుద్ధకాలంలో, కొయ్యగుజ్జు కలిపి గడ్డకట్టించిన మంచుతో విమానవాహక నౌకను నిర్మించాలన్న రహస్య పథకంలో ఇతనిని నియమించారు. ఆ నౌక తయారు కాలేదు. 1948 తరువాత, మంచునదిలోకి నిలువుగా ఒక ఇనుప గొట్టాన్ని దించి, అది వంగిన తీరును బట్టి పైభాగం అడుగుభాగంకంటే వేగంగా కదులుతున్నదని చూపాడు. తన ప్రధాన విషయానికి బయట ఇంత శ్రద్ధ చూపిన వ్యక్తి, ఇతరుల పక్కదారులను సహించడంలో ఆశ్చర్యం లేదు. చివరి దశాబ్దాలలో ఇతడు సామాన్య పాఠకుల కొరకు విజ్ఞాన వ్యాసాలు వ్రాసి మంచి రచయితగా కూడా పేరు పొందాడు.

## విమర్శలు, పరిమితులు

ఈ పద్ధతికి గల లోపాలు కూడా చరిత్రలో నమోదై ఉన్నాయి.

వీటిలో ముఖ్యమైనది 1953 నాటిది. లండనులోని కింగ్స్ కళాశాలలో జరిగే పరిశోధనపై వైద్య పరిశోధనా మండలికి సమర్పించిన ఒక నివేదికలో రోజలిండ్ ఫ్రాంక్లిన్ డి.ఎన్.ఏ. కొలతలు ఉన్నాయి. మండలి సంఘంలో సభ్యుడైన పెరుట్జ్ ఆ నివేదికను వాట్సన్, క్రిక్‌లకు చూపాడు. వారి నమూనాకు ఆ కొలతలు తోడ్పడ్డాయి. ఈ సంగతి ఆమెకు చెప్పలేదు. నివేదిక రహస్యమైనది కాదని, తనకు అప్పట్లో పరిపాలనా వ్యవహారాలలో అనుభవం లేదని పెరుట్జ్ 1969లో వివరణ ఇచ్చాడు. అయినా తన బృందంలోని ఉత్సాహవంతులకు తోడ్పడాలన్న తపనలో, బృందానికి బయట ఉన్న వ్యక్తికి న్యాయం జరగలేదన్న విమర్శ నిలిచి ఉన్నది. ఫ్రాంక్లిన్ 1958లో మరణించింది. ఆమెతో కలిసి పనిచేసిన ఆరన్ క్లుగ్ 1962లో కేంబ్రిడ్జి ప్రయోగశాలలో చేరాడు.

రెండవది ఆర్థికపరమైనది. మిల్‌స్టీన్, కోలర్‌ల పద్ధతికి బ్రిటనులో పేటెంటు తీసుకోలేదు. దానిపై తరువాత ఇతర దేశాలలో పెద్ద పరిశ్రమలు వెలిశాయి. జ్ఞానంపై ఉన్న ఆసక్తి దాని ఆర్థిక ఫలాన్ని కాపాడుకోవడంపై లేదన్న విమర్శ వచ్చింది.

మూడవది, ఈ పద్ధతికి కావలసిన పరిస్థితులు అన్నిచోట్లా ఉండవు. ఏటేటా ఫలితం అడగకుండా డబ్బిచ్చే సంస్థ వెనుక నిలిచినందువల్లనే ఇది సాధ్యమైంది.

## నోబెల్ బహుమతులు

బృందంలోను, దానినుండి ఏర్పడిన ప్రయోగశాలలోను పనిచేసినవారికి లభించిన బహుమతులలో ముఖ్యమైనవి:

* 1962 - మాక్స్ పెరుట్జ్, జాన్ కెండ్రూ (రసాయన శాస్త్రం)
* 1962 - ఫ్రాన్సిస్ క్రిక్, జేమ్స్ వాట్సన్ (వైద్యశాస్త్రం, కింగ్స్ కళాశాలకు చెందిన మారిస్ విల్కిన్స్‌తో కలిపి)
* 1980 - ఫ్రెడరిక్ సాంగర్ (రసాయన శాస్త్రం, రెండవసారి)
* 1982 - ఆరన్ క్లుగ్ (రసాయన శాస్త్రం)
* 1984 - సీజర్ మిల్‌స్టీన్, జార్జెస్ కోలర్ (వైద్యశాస్త్రం)
* 1997 - జాన్ వాకర్ (రసాయన శాస్త్రం)
* 2002 - సిడ్నీ బ్రెన్నర్, జాన్ సల్‌స్టన్, రాబర్ట్ హార్విట్జ్ (వైద్యశాస్త్రం)
* 2009 - వెంకట్రామన్ రామకృష్ణన్ (రసాయన శాస్త్రం). చిదంబరంలో జన్మించిన ఇతడు భౌతిక శాస్త్రంలో పట్టా పొంది, తరువాత జీవశాస్త్రంవైపు మళ్ళాడు. 1999లో ఈ ప్రయోగశాలలో చేరాడు.
* 2017 - రిచర్డ్ హెండర్సన్ (రసాయన శాస్త్రం)
* 2018 - గ్రెగరీ వింటర్ (రసాయన శాస్త్రం)

## ఇతర బృందాలకు అన్వయం

పెరుట్జ్ బృందం చరిత్రనుండి చిన్న బృందాలను నడిపేవారు గ్రహించదగినవి కొన్ని ఉన్నాయి. సభ్యుని ఆసక్తిని తెలుసుకోవడానికి అతనికి అప్పగించిన పనినికాక, అతడు తనంత తాను మాట్లాడే విషయాన్ని గమనించాలి. ఆసక్తులు వేరైనా వాటిని కలిపే ప్రశ్న ఒక్కటై ఉండాలి. అది లేకపోతే బృందం చెల్లాచెదురవుతుంది. పైనుండి వచ్చే ఒత్తిడిని నాయకుడు తన వద్దే ఆపుకోగలగాలి. సహచరుడు తనకంటే ముందుకు పోయినప్పుడు సంతోషించగలగాలి. విద్యార్థి చెప్పిన విమర్శలో నిజముంటే తన దారిని మార్చుకోగలగాలి. బృందం మేలు చూసే తొందరలో బయటివారి హక్కును మరువకూడదు.

పాఠశాల, గ్రంథాలయం, స్వచ్ఛంద సంఘం వంటి చిన్న వ్యవస్థలలో ఏళ్ళ తరబడి గడువు లేకుండా పనిచేయడం కుదరకపోవచ్చు. సభ్యుల ఆసక్తిని అడిగి తెలుసుకోవడానికి, ఒకే బల్ల వద్ద కూర్చొని మాట్లాడుకోవడానికి, ఉన్న పరికరాలను పంచుకోవడానికి మాత్రం పెద్ద నిధులు అవసరం లేదు.

## ఇవి కూడా చూడండి

* హీమోగ్లోబిన్
* డి.ఎన్.ఏ.
* కొడవలి కణ వ్యాధి
* రోజలిండ్ ఫ్రాంక్లిన్
* వెంకట్రామన్ రామకృష్ణన్
* నోబెల్ బహుమతి